నిల్వ పెట్రోలుతో మొరాయిస్తున్న ఇంజన్లు
సీజను ముగిశాక టాంకులో మిగిలిన ఇంధనమే అసలు కారణం
పెట్రోలు యంత్రానికి ఖాళీ టాంకు, డీజిలు యంత్రానికి నిండు టాంకు

మచిలీపట్నం: దివిసీమలో మినుము పూత, పిందె దశకు చేరే జనవరి మాసంలో మారుకా మచ్చల పురుగు ఆకులను, పూతను కలిపి గూడు కడుతుంది. గూడులోకి చేరిన పురుగుకు మందు సరిగా తగలదు కనుక అంతకు ముందే పిచికారీ పూర్తి కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే, వరికి చివరి మందు కొట్టిన తరువాత మూలన పెట్టిన పవర్ స్ప్రేయరు తాడు ఎంత లాగినా పలకదు. ప్లగ్గు మార్చినా ఫలితం ఉండదు. కార్బురేటరు విప్పించవలసి వస్తుంది. చల్లపల్లికో, అవనిగడ్డకో తీసుకువెళ్తే అక్కడ అప్పటికే పది యంత్రాలు వరుసలో ఉంటాయి. మరమ్మతుకు అయ్యే ఖర్చు కంటే చేజారిన రెండు మూడు రోజులే రైతుకు ఎక్కువ నష్టం. యంత్రంలో లోపం లేకపోయినా ఇలా జరగడానికి చాలా సందర్భాల్లో కారణం ఒక్కటే. టాంకులో, కార్బురేటరులో మిగిలిపోయిన పాత పెట్రోలు.

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో యంత్రాల వాడకమంతా కాలువ నీటి క్యాలెండరును అనుసరించి సాగుతుంది. జూన్, జూలై మాసాల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి నీరు వదిలిన తరువాత నాట్లు మొదలవుతాయి. గట్ల మీద గడ్డి కోసే యంత్రాలు, మందు కొట్టే స్ప్రేయర్లు ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పని చేస్తాయి. నవంబరులో వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లుతారు. డిసెంబరు, జనవరి మాసాల్లో స్ప్రేయర్లు మళ్లీ బయటకు వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో అపరాలు ఇంటికి చేరిన తరువాత యంత్రాలకు నాలుగైదు నెలలు పని ఉండదు. ఎండలు మండే రోహిణి కార్తె కూడా ఆ ఖాళీ కాలంలోనే వస్తుంది. పెట్రోలును పాడుచేసే రెండు కారణాలు, వేడి, సముద్రతీరపు తేమ, ఇక్కడ ఒకేసారి తోడవుతాయి.

పెట్రోలు ఎందుకు పాడవుతుంది?

పెట్రోలు ఒకే పదార్థం కాదు. కొన్ని తేలికగా, కొన్ని ఆలస్యంగా ఆవిరయ్యే వందలాది రసాయనాల మిశ్రమం. చల్లని ఇంజను మొదటి లాగుడుకే అంటుకోవాలంటే తేలికగా ఆవిరయ్యే భాగం అవసరం. మూత వదులుగా ఉన్న డబ్బాలో, సగం నిండిన టాంకులో ముందుగా ఎగిరిపోయేది ఆ భాగమే. మిగిలినది మండుతుంది గాని చల్లని ఇంజనును లేపలేదు. అగ్గిపుల్ల గీస్తే మండుతోంది కాబట్టి పెట్రోలు బాగానే ఉందనుకోవడం పొరపాటు. ఆ పరీక్ష చేయబోయి చేతులు కాల్చుకున్న వారూ ఉన్నారు కనుక దాని జోలికి పోకపోవడమే మేలు.

రెండవ మార్పు గాలిలోని ఆక్సిజన్ వల్ల వస్తుంది. పెట్రోలులోని కొన్ని భాగాలు ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. ఆరంభంలో లేత రంగులో ఉన్న ఇంధనం క్రమంగా ముదురు తేనె రంగుకు తిరుగుతుంది. తాజా పెట్రోలుకు ఉండే ఘాటు తగ్గి, పాత వార్నిష్ వంటి పుల్లని వాసన వస్తుంది. టాంకులో ఈ జిగురు పెద్దగా ఇబ్బంది పెట్టదు. కార్బురేటరులోని జెట్టు రంధ్రం మాత్రం వెంట్రుక దూరేంత సన్ననిది. కార్బురేటరు గిన్నెలో మిగిలిన నాలుగు చెంచాల పెట్రోలు ఆవిరై, దాని జిగురు ఆ రంధ్రం మీద పొరగా పేరుకుంటే ఇంజనుకు ఇంధనం అందదు. టాంకులో ఎంత తాజా పెట్రోలు పోసినా అప్పుడు ఉపయోగం ఉండదు.

చిన్న ఇంజన్లు తయారుచేసే కంపెనీలు సాధారణంగా పెట్రోలును 30 రోజుల లోపు వాడమని సూచిస్తాయి. చల్లని చోట, గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో దాదాపు నిండుగా ఉంచితే రెండు మూడు నెలలు నిలిచే అవకాశం ఉన్నా, మే నెలలో రేకుల షెడ్డు కింద సగం ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ క్యానుకు ఆ లెక్క వర్తించదు.

ఇథనాల్‌తో వచ్చిన కొత్త చిక్కు

పదిహేను, ఇరవై ఏళ్ల కిందట ఇంత ఇబ్బంది లేదని పాత రైతులు అనడంలో కొంత నిజం ఉంది. పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమాన్ని కేంద్రం 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో ప్రారంభించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే చాలా ఏళ్లపాటు ఈ మిశ్రమం అన్నిచోట్లా, అన్ని కాలాల్లో అందలేదు. 2018లో జాతీయ జీవ ఇంధన విధానం వచ్చిన తరువాత వేగం పెరిగింది. 2022 జూన్ నాటికి దేశవ్యాప్త సగటు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. మొదట 2030కి అనుకున్న ఆ 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. మొలాసిస్, చెరకు రసం, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఈ స్పిరిట్ ఉయ్యూరు చక్కెర కర్మాగారం పరిచయమున్న ఈ ప్రాంతానికి కొత్త వస్తువేమీ కాదు.

దిగుమతి చమురు తగ్గించడానికి, చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ కల్పించడానికి ఇథనాల్ ఉపయోగపడుతుంది. రోజూ తిరిగే మోటారు సైకిలులో టాంకు వారం రోజుల్లో ఖాళీ అవుతుంది కనుక నిల్వ సమస్యే రాదు. నెలల తరబడి కదలకుండా ఉండే యంత్రం సంగతి వేరు. ఇథనాల్‌కు నీటిని తనలోకి లాక్కునే గుణం ఉంది. కొంత నీటి వరకు పెట్రోలు, ఇథనాల్, నీరు కలిసే ఉంటాయి. ఆ పరిమితి దాటితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో జత కట్టి అడుగుకు దిగిపోతుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలులో సుమారు 5 మిల్లీలీటర్ల నీరు, అంటే ఒక చెంచాడు, చేరితే చాలు ఈ స్థితి రావచ్చు. 20 శాతం మిశ్రమం అంతకంటే ఎక్కువ నీటిని భరిస్తుంది. కాని విడిపోయినప్పుడు అడుగుకు చేరే పొర కూడా అంత పెద్దదిగా ఉంటుంది. పగటి వేడిలో ఇమిడి ఉన్న నీరు పుష్యమాసపు రాత్రి చలికి విడిపోవడం కూడా కద్దు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. గాలిలోని తేమ ఒక్కటే ఒక సీజనులో టాంకును నీళ్లమయం చేయదు. అసలు నీరు వచ్చే దారులు వేరు. మందు కలిపిన తడి చేతులతో, తడి గరాటుతో పెట్రోలు పోయడం, మూత బిగించకుండా స్ప్రేయరును కాలువలో కడగడం, గడ్డి కోసే యంత్రాన్ని గట్టు మీద వానకు వదిలేయడం వంటివి వాటిలో ముఖ్యమైనవి. తీర గాలి చేసే పని రెండవది. ఉప్పు తేమకు డబ్బా మూత అంచులు తుప్పు పట్టి, మూత బిగువు పోయి, ఆపైన నీటికి దారి ఏర్పడుతుంది. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వంటి సముద్రానికి చేరువ మండలాల్లో రేకు డబ్బా రెండేళ్లకే చిల్లులు పడటం అందరూ ఎరిగిన సంగతే.

టూ స్ట్రోక్ యంత్రానికి రెట్టింపు ప్రమాదం

భుజాన మోసే పవర్ స్ప్రేయర్లలో, గడ్డి కోసే యంత్రాల్లో అనేకం ఇప్పటికీ టూ స్ట్రోక్ ఇంజన్లే. వీటికి విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు. పెట్రోలులో కలిపే ఆయిలే పిస్టనుకు, బేరింగులకు కందెన. కంపెనీ చెప్పిన పాళ్లు 50కి 1 అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అయితే 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. ఏది తమ యంత్రానిదో పుస్తకంలో చూసి తెలుసుకోవాలే గాని పొరుగువారి లెక్క పనికిరాదు.

ఇటువంటి మిశ్రమంలో నీరు చేరి పొరలు విడిపోయినప్పుడు ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంధనం లాగే గొట్టం కొస మాత్రం టాంకు అడుగున ఉంటుంది. ఇంజనుకు చేరేది ఆయిల్ లేని స్పిరిటు నీళ్లు. సాధారణంగా ఇంజను అంటుకోదు, అదే అదృష్టం. ఎలాగో అంటుకుని పూర్తి వేగంతో నడిస్తే కందెన లేక పిస్టను గీతలు పడి బిగుసుకుపోతుంది. అప్పుడు మరమ్మతు కార్బురేటరు శుభ్రం చేయడంతో తీరదు. సిలిండరు, పిస్టను మార్చే ఖర్చుకు మరికొంత కలిపితే కొత్త యంత్రమే వస్తుంది.

పాత యంత్రాల్లో మరో ఇబ్బంది ఉంది. ఇథనాల్ లేని పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసిన రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని పలుచని డయాఫ్రం కొన్నాళ్లకు ఉబ్బడమో, గట్టిపడి పగలడమో జరుగుతుంది. కార్బురేటరు గిన్నెలో తెల్లటి పొడి కనిపిస్తే అది మందు పొడి కాదు. లోహం తినివేయబడిన గుర్తు. ఏటా సీజనుకు ముందు గొట్టాన్ని వేలితో వంచి చూసి, పగుళ్లు ఉంటే మార్చడం తక్కువ ఖర్చుతో పోయే పని.

సీసాలో పోసి చూస్తే తెలుస్తుంది

నిల్వ ఉన్న పెట్రోలు పనికి వస్తుందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్కు అక్కరలేదు. ఆరుబయట, నిప్పుకు దూరంగా, తెల్లని గాజు సీసాలోకి కొంత వంచి అరగంట కదలకుండా ఉంచాలి. వంచేటప్పుడు డబ్బా అడుగు భాగం నుంచి రావడం ముఖ్యం. ఒకే రంగులో, తేటగా ఉంటే మంచిది. మబ్బుగా ఉంటే నీరు పరిమితికి చేరువైనట్లు. అడుగున విడిగా పొర కనిపిస్తే ఆ పెట్రోలు ఇంజనుకు పనికిరాదు. పై పొరను మాత్రం తీసి వాడుకుందామనే ఆలోచన కూడా సరికాదు. ఇథనాల్ విడిచిపోయిన పెట్రోలుకు ఇంజను తట్టుకునే మండే గుణం తగ్గిపోతుంది.

బంకులో నీళ్లు కలిపారంటూ జరిగే గొడవల్లో కొన్నింటికి మూలం ఇదే. 100 మిల్లీలీటర్ల పెట్రోలులో 10 మిల్లీలీటర్ల నీరు పోసి కుదిపి నిలబెడితే, అడుగున సుమారు 30 మిల్లీలీటర్ల పొర కనిపించవచ్చు. నీరు పెరగలేదు. పెట్రోలులోని 20 శాతం ఇథనాల్ నీటిలోకి దిగింది. కనుక వానలో తడిసిన క్యానులో పోయించుకుని, ఇంటికి వచ్చి అడుగున నీరు చూసి బంకు వారిని తప్పుపట్టే ముందు క్యాను పొడిగా ఉన్నదీ లేనిదీ ఆలోచించుకోవాలి. బంకు భూగర్భ టాంకులోకి వరద నీరు దిగిన సందర్భాలు లేవని కాదు. అందుకే వరదలు తగ్గిన తొలి రోజుల్లో క్యానుల్లో కొనకుండా ఉండడం తెలివైన పని.

సీజను చివర చేయవలసినది

పెట్రోలు యంత్రం విషయంలో సూత్రం చాలా సులభం. మూలన పెట్టే ముందు టాంకులోని పెట్రోలు పూర్తిగా వంచివేయాలి. తరువాత ఇంజను స్టార్టు చేసి, దానంతట అది ఆగే వరకు నడవనివ్వాలి. కార్బురేటరులోని మిగులు దీనితో ఖర్చవుతుంది. పంపు సెట్ల వంటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో పెట్రోలు కాక్ మూసి నడిపించి, ఆగిన తరువాత గిన్నె అడుగున ఉండే చిన్న మరను వదులు చేస్తే చివరి చుక్కలు కూడా కారిపోతాయి. ప్రైమరు బల్బు ఉన్న యంత్రంలో దానిని నాలుగైదుసార్లు నొక్కి, మరోసారి స్టార్టు చేసి ఆగనివ్వాలి. ఆ పైన ప్లగ్గు విప్పి, రంధ్రంలో నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, తాడును మెల్లగా రెండు మూడుసార్లు లాగి ప్లగ్గు బిగించాలి. ఉప్పు గాలికి సిలిండరు లోపల తుప్పు పట్టకుండా ఇది కాపాడుతుంది. ఈ పని మొత్తానికి పట్టేది పావుగంట. సంక్రాంతి ముందు వారం మరమ్మతు దుకాణం దగ్గర గడిపే పూటతో పోల్చి చూసుకోవచ్చు.

వంచిన పెట్రోలు నెల లోపుదై, ఆయిల్ కలపనిదై, తేటగా ఉంటే ఇంటి మోటారు సైకిలులో తాజా పెట్రోలుతో పాటు పోసి వాడేయవచ్చు. ఆయిల్ కలిపినది మోటారు సైకిలుకు పనికిరాదు. కనుక టూ స్ట్రోక్ మిశ్రమాన్ని ఆ పూట పనికి సరిపోయేంత మాత్రమే కలుపుకోవాలి. స్ప్రేయరు ఇంజను గంటకు అర లీటరుకు కాస్త అటూ ఇటూగా తాగుతుంది. రెండెకరాలు కొట్టడానికి ఐదు లీటర్లు కలిపి పెట్టుకోవడం అలవాటే గాని అవసరం కాదు.

నిల్వ తప్పనిసరి అయితే, విదేశాల్లో విరివిగా వాడే స్టెబిలైజరు ద్రావణాలు ఆన్‌లైనులో దొరుకుతున్నాయి. ఇవి ఆక్సిజన్ వల్ల వచ్చే జిగురును ఆలస్యం చేస్తాయి. తాజా పెట్రోలులో కొన్నరోజునే కలిపితేనే ప్రయోజనం. పాడైన పెట్రోలును బాగుచేయలేవు. విడిపోయిన నీటిని తిరిగి కలపలేవు. ఏడాదికి పది లీటర్లు వాడే రైతుకు దీనికయ్యే ఖర్చు గిట్టుబాటు కాదనే చెప్పాలి. ఇథనాల్ లేకుండా వచ్చే 100 ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు కొన్ని నగరాల్లో ఉన్నా, దాని ధరకు, దూరానికి డెల్టా పల్లెల్లో వాడకం ఊహించలేము.

డీజిలు సంగతి వేరు

గుడివాడ, నందివాడ, గుడ్లవల్లేరు వైపు చేపల, రొయ్యల చెరువుల రైతుకు పెట్రోలు కంటే డీజిలే ప్రాణం. కరెంటు పోయిన రాత్రి ఏరియేటర్లు ఆగితే తెల్లవారేసరికి చెరువులో ప్రాణవాయువు పడిపోయి సరుకు తేలిపోతుంది. అందుకోసం చెరువు గట్ల మీద జనరేటర్లు, పక్కనే డీజిలు డ్రమ్ములు ఉంటాయి. కాలువ చివరి భూముల్లో మురుగు కాల్వల నుంచి నీరు తోడే ఆయిల్ ఇంజన్లదీ ఇదే ఇంధనం.

డీజిలు తేలికగా ఆవిరి కాదు. జాగ్రత్త చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉంటుంది. దీనికి శత్రువు నీరే. సగం ఖాళీగా ఉన్న ఇనుప టాంకు లోపలి గోడలకు రాత్రి చల్లదనానికి తేమ పట్టి, చుక్కలుగా జారి అడుగుకు చేరుతుంది. నీటికి, డీజిలుకు మధ్య అంచున సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిడ్డు తెట్టు ఏర్పడుతుంది. అది ఫిల్టరును మూసివేస్తుంది. నెలల తరబడి కదలని జనరేటరు అవసరమైన రాత్రి పది నిమిషాలు నడిచి ఆగిపోవడానికి తరచు ఇదే కారణం. కనుక పెట్రోలు టాంకును ఖాళీ చేసినట్లు డీజిలు టాంకును చేయకూడదు. నిండుగా ఉంచితే తేమకు చోటు ఉండదు. నెలకొకసారి అడుగు మర వదులు చేసి నీరు దించాలి. డ్రమ్మును చెక్కల మీద, ఒక పక్కకు కొద్దిగా వాల్చి ఉంచితే పల్లానికి చేరిన నీటిని, మడ్డిని వదిలి పైది తీసుకోవచ్చు. నెలకు ఒకటి రెండుసార్లు జనరేటరును ఏరియేటర్ల లోడుతో సహా పావుగంట నడిపించాలి. లోడు లేకుండా నడిపితే స్టార్టవుతుందని తెలుస్తుంది గాని ఫిల్టరు సంగతి తెలియదు.

గిలకలదిండి రేవులో మరపడవలు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం అమలయ్యే 61 రోజులు ఒడ్డునే ఉంటాయి. ఆ కాలంలో పడవ టాంకులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌తో నడిపే పాత పంపు సెట్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వాటిని ఆపే ముందు రెండు నిమిషాలు పెట్రోలు మీదకు మార్చి నడిపించాలి. గిన్నెలో కిరోసిన్ మిగిలితే మరునాడు చల్లని ఇంజను అంటుకోదు.

చట్టం ఏమంటోంది?

ఇంటివద్ద పెట్రోలు నిల్వకు 1934 నాటి పెట్రోలియం చట్టం ఇప్పటికీ ఆధారం. 23 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడికే అంటుకునే ఆవిరినిచ్చే పెట్రోలు వంటివి ‘ఎ’ తరగతి. అమ్మకానికి కాకుండా సొంత అవసరానికి 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే గట్టి మూత ఉన్న పాత్రలోనే ఉండాలి. గాజు, పింగాణీ పాత్ర అయితే ఒక లీటరుకు, లోహపు పాత్ర అయితే 25 లీటర్లకు మించరాదు. ఈ మినహాయింపులో ప్లాస్టిక్ ఊసే లేదు. డీజిలు, కిరోసిన్ ‘బి’ తరగతికి చెందుతాయి. మొత్తం 2,500 లీటర్లకు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే వీటికి లైసెన్సు అక్కరలేదు. చెరువు రైతుల 200 లీటర్ల డ్రమ్ములు ఈ పరిమితికి లోబడినవే.

రైతుకు ఎదురయ్యే చిక్కు బంకు దగ్గర మొదలవుతుంది. 2024 మే నెలలో ఎన్నికల అనంతర హింస నేపథ్యంలో సీసాల్లో, డబ్బాల్లో పెట్రోలు పోయరాదని పోలీసులు ఆంక్షలు విధించారు. శాంతిభద్రతల దృష్ట్యా అటువంటి ఆంక్ష అర్థం చేసుకోదగినదే. స్ప్రేయరును, గడ్డి కోసే యంత్రాన్ని బంకు వరకు మోసుకు రాలేని రైతు మాత్రం మోటారు సైకిలు టాంకు నుంచి గొట్టంతో తోడుకోవలసి వస్తుంది. ఇది మరో ప్రమాదానికి దారి తీస్తోంది.

గొట్టాన్ని నోటితో పీల్చేటప్పుడు పెట్రోలు కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి దిగినా తీవ్రమైన వాపు, జ్వరం, ఆయాసం వస్తాయి. మింగిన వారికి ఉప్పునీరు తాగించి వాంతి చేయించడం పల్లెల్లో ఆనవాయితీ. పురుగు మందు విషయంలో అలవాటైన ఈ చిట్కా పెట్రోలు విషయంలో ప్రాణాంతకం. వాంతితో పైకి వచ్చే పెట్రోలే ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఏమీ తాగించకుండా, వాంతి చేయించకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తరలించడమే సరైన పని. చేతితో నొక్కే చిన్న సైఫన్ పంపు హార్డువేరు దుకాణాల్లో స్వల్ప ధరకు దొరుకుతుంది.

ఎక్కడ ఉంచాలి, ఎక్కడ ఉంచకూడదు

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. పైకి పోకుండా నేల వెంట పాకుతుంది. వసారాలో పెట్టిన డబ్బా మూత వదులుగా ఉంటే, ఆ ఆవిరి గడప దాటి వంటింటి పొయ్యిని చేరగలదు. మంట అక్కడ అంటుకుని వెనక్కు డబ్బా వరకు వస్తుంది. తాటాకు ఇళ్లు, గడ్డివాములు పక్కపక్కనే ఉండే పల్లెల్లో దీని పర్యవసానం వేరుగా చెప్పనవసరం లేదు. దేవుడి దీపం, దోమల చుట్ట, మోటారు స్టార్టరులోని నిప్పురవ్వ, ఏదైనా చాలు. ఇంటికి వేరుగా, నీడన, గాలి ఆడే చోట, పిల్లలకు అందని ఎత్తులో తాళం వేసి ఉంచాలి. ధాన్యం బస్తాల గదిలో, ఎరువుల పక్కన ఉంచరాదు.

పూర్వం కిరోసిన్ వచ్చే 18 లీటర్ల చదరపు రేకు డబ్బా ఖాళీ అయ్యాక నీళ్లకు, ధాన్యం కొలతకు కూడా పనికి వచ్చేది. ఆ అలవాటే నేడు తలకిందులైంది. కూల్‌డ్రింకు సీసాలు, ఖాళీ పురుగు మందు డబ్బాలు పెట్రోలుకు వాడుతున్నారు. దాహంతో ఇంటికి వచ్చిన పిల్లవాడు కూల్‌డ్రింకు సీసా చూస్తే ఏమనుకుంటాడో వేరే చెప్పాలా? మందు డబ్బాలో మిగిలిన అవశేషం కార్బురేటరునూ పాడుచేస్తుంది. లోహపు జెర్రీక్యాను ఒకటి కొని, దాని మీద ‘పెట్రోలు’ అని, పోసిన తేదీని పెయింటుతో గాని, సుద్దతో గాని రాసుకోవాలి. బంకులో నింపేటప్పుడు క్యానును బండి మీద ఉంచకుండా నేల మీద పెట్టి నింపించాలి. ఘర్షణ విద్యుత్తు వల్ల పుట్టే నిప్పురవ్వను ఇది నివారిస్తుంది. అంచు వరకు కాక, వేడికి వ్యాకోచించడానికి నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి.

తుపాను రోజుల్లో...

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండం వార్తను ఎవరూ తేలికగా తీసుకోరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్, 2025 అక్టోబరు 28న మొంథా తుపానులు కోస్తాను తాకాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంక గ్రామాలు, బుడమేరు ముంపుతో నందివాడ మండలం నీట మునిగాయి. ఇటువంటి సమయాల్లో కరెంటు రోజుల తరబడి ఉండదు. మంచినీటి మోటారుకు, సెల్‌ఫోన్ల ఛార్జింగుకు, కోసిన ధాన్యాన్ని ఆరబెట్టే యంత్రాలకు జనరేటరే దిక్కు. హెచ్చరిక వెలువడిన రోజున బంకుల వద్ద బారులు తీరడం మామూలే.

అందువల్ల ఆ మూడు నెలలు చిన్న జనరేటరు ఉన్నవారు పది లీటర్ల పెట్రోలు చేతిలో ఉంచుకోవడం తప్పుకాదు. అది పాతబడకుండా చూసుకునే ఉపాయం ఒక్కటే. నెలకొకసారి క్యానులోని పెట్రోలును మోటారు సైకిలులో పోసి వాడుకుని, క్యానులో కొత్తది పోయించుకోవాలి. ఇందుకు అదనపు ఖర్చు పైసా లేదు. క్యాను మీద రాసిన తేదీ ఇక్కడే ఉపయోగపడుతుంది. జనరేటరును మాత్రం ఎంత వాన కురుస్తున్నా గదిలో, వసారాలో పెట్టి నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. తలుపులు మూసిన ఇంట్లో నిద్రిస్తున్న వారు నిద్రలోనే ప్రాణాలు కోల్పోతారు.

ముంపు వచ్చే అవకాశం ఉంటే క్యానులను ఎత్తున పెట్టి తాడుతో కట్టాలి. పెట్రోలు నీటికంటే తేలిక కావడంతో నిండు క్యాను సైతం తేలిపోతుంది. వరదలో మునిగిన యంత్రాన్ని తాడు లాగి చూడటం మొదటి తప్పు. సిలిండరులో నీరు ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పి నీరు వంచి, టాంకు, కార్బురేటరు, ఇంజన్ ఆయిల్ మూడింటినీ పూర్తిగా మార్చిన తరువాతే స్టార్టు చేయాలి. మునిగిన డబ్బాలోని పెట్రోలు ఎంత తేటగా కనిపించినా యంత్రంలో పోయరాదు.

పాడైనదాన్ని ఏం చేయాలి?

దీనికి పల్లెల్లో సరైన ఏర్పాటు లేదన్నది వాస్తవం. కాలువలో, మురుగు డ్రెయిన్లలో పారబోయడం సర్వసాధారణమైంది. బందరు, గుడివాడ ప్రాంతాల్లో ఆ నీరే కింద ఊరి చెరువుకు, పశువుల రేవుకు, చేపల చెరువు తూముకు చేరుతుంది. నేల మీద పోస్తే చేతిపంపు నీటిలో వాసన ఏళ్ల తరబడి పోదు. చెత్త తగలబెట్టడానికి వాడబోయి ఒళ్లు కాల్చుకోవడం మరో విపరీతం. పట్టణంలోని పెద్ద మరమ్మతు షెడ్లలో విడిభాగాలు కడగడానికి పాత పెట్రోలు తీసుకుంటారు. వాడిన ఇంజన్ ఆయిల్ కొనేవారి వద్దకు ఆ షెడ్ల నుంచే దారి ఉంది. మండల కేంద్రానికి వెళ్లే పని పడినప్పుడు, గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో అక్కడికి చేర్చడమే ప్రస్తుతానికి ఉన్న మార్గం.